పేపర్లో భారతమ్మ

రోట్లో నువ్వులు సగమే నలిగాయి, అప్పుడే ఇన్నయ్యకు భుజం లాగింది. పొత్రం వదలకుండా కాసేపు ఆగి, ఎడమ చేత్తో కుడి భుజం పిసుక్కుని మళ్లీ వంగాడు. తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీలోకి తిరిగే దారిలో, ప్రహరీ గోడకు ఆనించిన దోశల బండి అతనిది. స్టవ్వు మీద పెనం కాలుతోంది. పిండి బకెట్ మీద తడిగుడ్డ కప్పి ఉంది. అన్నీ రోజూ ఉన్నట్టే ఉన్నాయి, రోలు ఒక్కటే కొత్త. కొత్తంటే కొత్తది కాదు. భార్య భారతమ్మ పోయిన నాటి నుంచి బండి కింద బోర్లించి ఉన్నది, ఇవాళ మళ్లీ వెల్లకిలా తిరిగింది.

"ఏందే ఇన్నన్నా, పొద్దుగాల్నే రోలుతోని కుస్తీ పడుతున్నవ్?" అన్నాడు లచ్చయ్య. పక్కనే వేపచెట్టు కింద అతని ఇస్త్రీ బండి.

"తొక్కు నూరుతున్న."

"ఇన్నేండ్లకా?"

"అడుగుతుండ్రు కదరా. పేపర్ల రాసిండ్రాయె."

లచ్చయ్యకు పేపరు మీద ఒక గట్టి నమ్మకం ఉన్నది. అందులో పడ్డదంతా అబద్ధమని. అయినా చదవనిదే పెట్టెలో బొగ్గు రాజెయ్యడు. పోయిన ఆదివారం కూడా అట్లాగే పేపరు నడిమి పేజీ విప్పి, అక్షరం రాని ఇన్నయ్యకు వినిపించాడు. మౌలాలిలో ఒక మేక రోజూ తెల్లారకముందే గుట్ట మెట్లన్నీ ఎక్కి దిగుతున్నదట. బౌద్ధనగర్‌లో ఒకరింట్లో సొరకాయ మనిషి పొడుగు కాసిందట. "ఇగ దానికి చొక్కా కుట్టిస్తరేమో, ఇస్త్రీ నేనే చేస్త" అని నవ్వుకుంటూ కిందికి దిగి, అక్కడ ఆగిపోయాడు.

ఆ కింద, వీధి తిండ్ల గురించి వారం వారం రాసే చోట, ఇన్నయ్య బండి గురించి ఉన్నది. తార్నాకలో దోశ తినాలంటే భారతమ్మ బండికే పోవాలి, ఆమె చేతి నువ్వుల పచ్చడికి సాటి లేదు, కొబ్బరిచిప్ప గరిటె పట్టుకుని 'ఇంకొంచెం ఏస్తనా బిడ్డా' అని నవ్వుతూ అడుగుతుంది అని రాశారు.

"చూసినవా? బట్టెబాజ్ గాళ్లు! తినకుండ, సూడకుండ రాస్తరు" అన్నాడు లచ్చయ్య.

"మళ్లొకసారి సదువు."

"ఏది, మేకదా?"

"కాదురా."

లచ్చయ్య చదివాడు. 'ఇంకొంచెం ఏస్తనా' దగ్గరికి వచ్చేసరికి ఇన్నయ్య చేతిలో అట్లకాడ పెనం మీదే నిలిచిపోయింది, దోశ మాడిపోయింది. బండి పెట్టినప్పటి నుంచి అతను ఒక్క దోశ మాడ్చి ఎరగడు.

మర్నాటి నుంచి కొత్త మొహాలు రావడం మొదలైంది. మొదట స్కూటరు మీద ఒక ఆడమనిషి వచ్చి, పళ్లెం పట్టుకుని అటూ ఇటూ చూసింది. "అవ్వ ఏది?" అని అడిగింది. చచ్చిపోయిందమ్మా అని చెప్పడానికే ఇన్నయ్య నోరు తెరిచాడు.

"ఇంట్ల ఉన్నది" అన్నాడు.

ఆ మాట ఎట్లా వచ్చిందో అతనికే తెలియదు. కానీ వచ్చిన తర్వాత రోజంతా అది అతని వెంటే తిరిగింది. చట్నీ కలిపినా, గిన్నెలు తోమినా, ఇంట్లో ఎవరో ఉన్నట్టే అనిపించింది. బండి కట్టేసి ఇంటిముఖం పట్టినప్పుడు కాళ్లు వాటంతట అవే వేగంగా నడిచాయి. తలుపుకు తాళం చూసి, తాళపుచెవి చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. పక్కింటామె బిందెతో పోతూ "ఏం తాతా, లోపల ఎవలన్న ఉన్నరా ఏంది, పిలుస్తవా?" అని ఎగతాళి చేసింది. అతనికి కోపం రాలేదు. తర్వాత కూడా అడిగిన వాళ్లందరికీ ఇంట్లోనే ఉన్నదని చెప్పాడు.

నూరడం అయ్యింది. మేకుకు వేలాడుతున్న కొబ్బరిచిప్ప గంటె తీసి కడిగాడు. దాని వెదురు కాడ మీద, భారతమ్మ బొటనవేలు ఆనే చోట చిన్న గుంట పడి ఉన్నది. తన వేలు అక్కడ పెట్టి చూశాడు. గుంట చిన్నది, వేలు పెద్దది.

లాలాగూడ వర్క్‌షాపుకు పోయే సైకిళ్లు, క్లాసులకు పరుగెత్తే హాస్టల్ పిల్లలు, అంతా సర్దుమణిగాక, భుజానికి సంచీ, కళ్లజోడు ఉన్న ఒకతను వచ్చాడు. ముప్పై ఏళ్లు దాటి ఉండవు. దోశ అడగలేదు. బండికి దూరంగా నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నేను కమలాకర్‌ని తాతా. పేపర్ల రాసింది నేనే."

వేపచెట్టు కింద ఇస్త్రీ పెట్టె ఠక్కున ఆగింది. "ఓహో, దొరికినవ్! గా మేక గురించి రాసింది కూడ నువ్వేనా సార్?"

"అది నేను కాదు." అతని మొహం ఎర్రబడింది. "ఆఫీసుకు ఎవరో ఫోన్ చేసిండ్రు, అవ్వ ఎప్పుడో పోయిందని. తప్పు రాసినమని ఆదివారం వెయ్యాలె. పేజీ ఇయ్యాల సాయంత్రమే అచ్చుకు పోతది. ఒక మాట మిమ్మల్ని అడిగి పోదామని వచ్చిన."

ఇన్నయ్య పెనం మీద నీళ్లు చిలకరించాడు. ఆవిరి లేచి ఆరిపోయింది.

"రాయకు బిడ్డా."

"రాయకపోతే నా కొలువు..."

"ఉండనియ్యి. పేపర్లనన్న ఉండనియ్యి. ఎవలకు నష్టం?"

కమలాకర్ తల దించుకున్నాడు.

"చూడకుండ గా మాట నీకెట్ల తెల్సు?" అన్నాడు ఇన్నయ్య చివరికి. "ఇంకొంచెం ఏస్తనా అన్న మాట."

"విన్న కదా! ఎం.ఏ. చదివినప్పుడు రోజూ గీడనే తిన్న. ఆదివారం ఏం రాయాలో తోచక, అవ్వ యాదికొచ్చి కూర్చున్నకాడనే రాసిన. వచ్చి చూడాలన్న సోయి లేకపాయె." కమలాకర్ కాస్త దగ్గరికి జరిగాడు. "ఆమె అడుగుడే గానీ జవాబు వినేది కాదు. మనం వద్దనేలోపల పళ్లెంల పడేది."

"అవు, పడేది." ఇన్నయ్య అట్లకాడ పక్కన పెట్టాడు. "ఇంకేమనేది?"

"మీరు పెనం దిక్కు తిరిగి ఉండేది కదా. మీ వీపు చూపించి, 'సప్పుడు చెయ్యకుండ్రి పిల్లగాండ్లూ. మాట్లాడిస్తె దోశ మాడుస్తడు, మాడిస్తె నాకే తినవెడ్తడు' అనేది. మేము నోట్ల గుడ్డలు కుక్కుకుని నవ్వేది."

ఇన్నయ్య మొదట వినబడనట్టు చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ బండి అంచు పట్టుకున్నాడు. "ఓరి దీని! నా ఎనక గింత నడిచిందా!" ఆమె ఉన్నన్నాళ్లూ వెనక నవ్వులు వినబడుతూనే ఉండేవి. పిల్లలు వాళ్లలో వాళ్లు నవ్వుకుంటున్నారనుకునేవాడు, ఎన్నడూ తిరిగి చూడలేదు.

దోశ పోశాడు. ఎర్రగా కాలాక పళ్లెంలో వేసి, చిప్పగంటెతో తొక్కు వేశాడు. "తిని చెప్పు. గిట్లనే ఉండెనా? పేపర్ల రాసినట్టు చెప్పకు, నిజం చెప్పు."

కమలాకర్ తిన్నాడు. రెండో ముద్ద కూడా తిన్నాడు. కళ్లెత్తలేదు.

"కాదు తాతా. అవ్వది పలుకు పలుకుగా ఉండేది. ఇది మెత్తగైంది."

"పిండి రుబ్బినట్టు రుబ్బిన" అన్నాడు ఇన్నయ్య. అతని మొహంలో వెలితి కనిపించలేదు, బరువు దించుకున్న మనిషిలా ఊపిరి వదిలాడు. అట్లాగే ఉన్నదని కమలాకర్ అని ఉంటే తానేం చేసేవాడో తనకే తెలియదు. ఆమెది ఆమెతోనే పోయింది, ఇంకెవరి చేతికీ రాలేదు.

"నీ నాలుక అబద్ధమాడలే. ఇగ పేపరెందుకు ఆడాలె? రాయి, చచ్చిపోయిందనే రాయి. గా మాట మాత్రం తీసెయ్యకు. గది అబద్ధం కాదు." అంటూనే గంటె ముంచాడు. "ఇంకొంచెం ఏస్తనా బిడ్డా?"

కమలాకర్ నోరు తెరిచేలోపల తొక్కు పళ్లెంలో పడింది.

ఎండ ముదిరాక ఇన్నయ్య స్టవ్వు ఆర్పి, గిన్నెలు తోమాడు. రోజూలాగే గోడకు వీపు ఆనించి, తలగుడ్డ మొహం మీదికి లాక్కుని కాళ్లు చాపాడు. "లచ్చిగా, మాడిస్తె నాకే తినవెడ్తడంట!" అని ఒకసారి గుడ్డ కింద నుంచే అని, తనలో తాను నవ్వుకున్నాడు. లచ్చయ్య చొక్కాల మీద చొక్కాలు చేసుకుంటూ పోయాడు. వేప నీడ జరిగిపోయి ఎండ ఇన్నయ్య కాళ్ల మీదికి, తర్వాత ఛాతీ మీదికి వచ్చింది. ఎండ తగిలితే జరిగి కూర్చునే మనిషి జరగలేదు. లచ్చయ్య ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

మర్నాడు చర్చివాళ్లు వచ్చి, ఇన్నయ్యను భారతమ్మ పక్కనే సమాధి చేశారు.

ఆదివారం లచ్చయ్య పేపరు విప్పాడు. వినేవాళ్లు లేకపోయినా బయటికే చదివాడు. భారతమ్మ కొన్నేళ్ల క్రితం మరణించారు, తప్పుకు చింతిస్తున్నాం, 'ఇంకొంచెం ఏస్తనా బిడ్డా' అన్న మాట మాత్రం ఆమెదే అని ఉన్నది. కింద ఇంకో రెండు ముక్కలు. బండిని ఇప్పుడు ఆమె భర్త ఇన్నయ్య నడుపుతున్నారు. రోజూ పొద్దున్నే అక్కడే ఉంటారు.

కాసేపటికి ఇద్దరు హాస్టల్ ఆడపిల్లలు అదే కాగితం మడిచి పట్టుకుని వచ్చారు. గోనెపట్టా కప్పిన బండిని చూశారు.

"అంకుల్, ఇన్నయ్య తాత లేడా?"

లచ్చయ్య తన చేతిలోని పేపరు వైపు చూశాడు.

"ఇంట్ల ఉన్నడు బిడ్డా" అన్నాడు.

వాళ్లు వెళ్లిపోయారు. గోనెపట్టా అంచు గాలికి లేచింది. లోపల, మేకుకు తగిలించిన చిప్పగంటె అంచున ఇన్నయ్య నూరిన తొక్కు, కడగని చోట, ఎండి అట్లాగే అంటుకుని ఉన్నది.