చౌడమ్మ కొంగు

నేను ఒక కంప్యూటర్‌ను. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది, ఎందుకంటే బటన్ నొక్కితే లేవనిదాన్ని జనం రేకు డబ్బా అంటారు. పాత ఇనుప సామాన్ల కొట్లో, విరిగిన ఫ్యాన్ల మధ్య, ఒక పక్కకు ఒరిగి పడి ఉన్నాను. నా మీద ఎవరో పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారని ఇక్కడి పనివాళ్లు నవ్వుకుంటున్నారు. నవ్వుకోనివ్వండి. ఆ బొట్ల కథే చెప్పబోతున్నాను.

పేరున్న కంపెనీలో పుట్టలేదు నేను. బెంగళూరులో ఒక ఇరుకు అంగట్లో, ఎక్కడిదో డబ్బాలో ఇంకెక్కడిదో బోర్డు బిగించి, మరెక్కడిదో డిస్కు తగిలించి నన్ను నిలబెట్టారు. మొదట అనంతపురంలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చాను. పిల్లలు పరీక్ష ఫలితాలు నాలోనే చూసుకునేవాళ్లు. పాసైతే పక్కవాణ్ణి కావలించుకునేవాళ్లు, తప్పితే నా నెత్తిన ఒక్కటిచ్చేవాళ్లు, మార్కులు వేసింది నేనే అన్నట్టు! అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఆ సెంటర్ మూతపడింది. అప్పుడు ఓబుళపతి వచ్చి నన్ను కొనుక్కుని, పసిబిడ్డను తీసుకెళ్లినట్టు బస్సులో ఒళ్లో పెట్టుకుని ధర్మవరం తీసుకెళ్లాడు.

ఓబుళపతి పట్టుచీరలకు డిజైన్లు గీసేవాడు. నేను రాకముందు గళ్ల కాగితం మీద పెన్సిలుతో ఒక్కో గడీ నింపుకుంటూ గీసేవాడట. ఆ గళ్లను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీదికి ఎక్కిస్తే చీరలో బొమ్మ పడుతుంది. నా దగ్గరికి వచ్చిన కొత్తలో మౌస్‌ను బల్ల అంచుదాకా తోసి కింద పడేసి, తిరిగి నన్నే తిట్టేవాడు. పని పట్టుబడ్డాక మాత్రం ఆ కుడిచేయి ఎంత నెమ్మదిగా, ఎంత నమ్మకంగా నడిచేదో! ఆ చేతిని నేను ప్రేమించాను. చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

మగ్గం మీద కూర్చునేది ఆయన భార్య చౌడమ్మ. పెళ్లయిన నాటి నుంచి ఊళ్లో పెళ్లికూతుళ్లకు పట్టు నేసి, తాను నైలాన్ చీరతో కాలం గడిపిన మనిషి. ఆమె కోసం ఒక కొంగు గీస్తానన్నాడు ఓబుళపతి. ఎవరికీ అమ్మనిది, ఆమె ఒక్కతే కట్టుకునేది. వ్యాపారుల పని మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా ఆ ఫైలు తెరిచేవాడు. దానికి పెట్టిన పేరు చౌడమ్మ పేరే. ఆమె టీ గ్లాసుతో గదిలోకి వస్తే చటుక్కున మూసేసేవాడు.

“ఏమయ్యా, పెండ్లాము దగ్గర కూడా దాస్తావా?” అనేది ఆమె.

“మగ్గం మీదికి వచ్చినాక చూస్తువులే. అంతవరకూ నోరు మూసుకో,” అనేవాడు. ఇద్దరూ నవ్వేవాళ్లు.

మిగతా డిజైన్లన్నీ పెన్ డ్రైవ్‌లో ఎక్కించి అట్టలు కొట్టే అంగడికి పంపేవాడు. ఇది మాత్రం పంపలేదు. కొత్త అంచు ఒకటి బయటికి పొక్కితే వారం తిరక్కుండా పక్క వీధి మగ్గం మీద ప్రత్యక్షమవుతుంది. అందుకని దానికి రెండో నకలు లేకుండా నాలోనే దాచిపెట్టాడు. నన్ను అంతగా నమ్మాడు. మనుషుల తెలివి ఒక్కోసారి ఇలాగే వాళ్ల కొంప ముంచుతుంది.

కొంగు పూర్తయింది. దసరా దాటగానే అట్టలు కొట్టిద్దామన్నాడు. ఆలోగానే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది. మాట కూడా పోయింది. ఏం చెప్పబోయినా “ఆ... ఆ...” అనే శబ్దమే వచ్చేది. చౌడమ్మ పక్కనే కూర్చుని, “డిజైను యాడికీ పోదులే. పెట్టెలో భద్రంగా ఉండాది,” అనేది. ఆ పెట్టె నేనే.

ఆయుధపూజ రోజున మంచం దిగి వస్తానని పట్టుబట్టాడు ఓబుళపతి. చౌడమ్మ భుజం ఆసరా ఇచ్చి తీసుకొచ్చింది. మగ్గానికి పసుపు రాసింది, నాకూ రాసింది, నా నెత్తినా, బటన్ మీదా కుంకుమ బొట్లు పెట్టింది. టెంకాయ తానే కొడతానని ఆయన ఎడంచేయి చాపాడు. ఇన్నాళ్లకు మళ్లీ ఒక పని చేస్తానంటున్నాడని ఆమె మొహం వెలిగిపోయింది. అలవాటు లేని ఆ చేత్తో, నా పక్కనే ఉన్న రాయి మీద కొట్టాడు. టెంకాయ పగిలింది. నీళ్లన్నీ ఎగిరిపడి నా నెత్తిమీది చిల్లుల్లోంచి లోపలికి దిగాయి. ఇద్దరూ సంతోషంగా నాకు దండం పెట్టారు. నాకు అరవడానికి నోరు లేకపోయింది.

మర్నాడు చౌడమ్మ బటన్ నొక్కింది. ఫ్యాన్ ఒక్కసారి తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. ఒకసారి లేవకపోతే పదేపదే నొక్కాలని మనుషులకు ఎవరు నేర్పారో! లోపల తడి ఆరలేదు. ప్రతి నొక్కుకూ నాలో ఏదో ఒకటి కాలిపోతూనే ఉంది.

రిపేరు చేసే మహబూబ్ బాషా వచ్చాడు. మెమరీ కార్డు ఊడదీసి, పిల్లల రబ్బరుతో రుద్ది పెట్టాడు. తెర నల్లగానే ఉంది. బోర్డు మీది బ్యాటరీ మార్చాడు. కరెంటు ఇచ్చే డబ్బా మార్చాడు. ఫ్యాను తిరిగింది, తెర మాత్రం వెలగలేదు. చివరికి డిస్కు విప్పి తన కంప్యూటర్‌కు తగిలించాడు. టిక్, టిక్ మని కొట్టుకుంది, అంతే. వేలితో బోర్డును తడిమి, ఆ జిగురు వాసన చూశాడు.

“అక్కా, టెంకాయ నీళ్లు పడినాయి లోపల,” అన్నాడు.

చౌడమ్మ గుమ్మంవైపు చూసి గొంతు తగ్గించింది. “ఆయప్పకు చెప్పొద్దు నాయనా. పాతబడిందని చెప్పు. నీకు దండం పెడతా.”

బాషా మంచం దగ్గరికి వెళ్లి, “పాత మిషన్ కదన్నా, దాని ఆయుస్సు అయిపోయింది,” అన్నాడు. ఓబుళపతి ఆ మాట విని, ఒళ్లో ఉన్న తన ఎడంచేతిని చూసుకున్నాడు. చాలాసేపు దాన్నే చూశాడు. ఆయనకు తెలిసిపోయింది.

అందులోని డిజైను బయటికి తీయించడానికి డిస్కు బెంగళూరు వెళ్లింది. కుదరదని తిరిగొచ్చింది. బాషా దాన్ని మళ్లీ నాలోనే బిగించి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం చౌడమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. “ఏం గీసినావయ్యా నాకు? నువ్వు తల ఊపితే చాలు. నెమలినా?” అడ్డంగా ఊపాడు. “మామిడి పిందెలా?” కాదు. “మల్లెతీగనా? ఏనుగులా? గండభేరుండమా?” తాను నేసినవన్నీ ఒక్కొక్కటే చెప్పింది. ఆయన ఎడంచేత్తో గాలిలో ఏదో గీయబోయాడు. ఆ గీత ఎటో పోయింది. “ఆ... ఆ...” అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ అడిగింది. ఇక ఆమెకు పేర్లు మిగల్లేదు.

“హంసలా?” అంది చివరికి.

ఓబుళపతి ఆమె మొహం చూసి, అవునని తల ఊపాడు.

హంసను ఆయన నాలో ఎన్నిసార్లు గీశాడో లెక్కలేదు. దాని గళ్లు నాకు కంఠతా వచ్చు. ఆ ఫైల్లో హంస లేదు. మరి ఏముందని అడిగితే నేనూ చెప్పలేను. ఏ గడిలో జరీ, ఏ గడి ఖాళీ, అంతవరకే నా చదువు. అన్నీ కలిస్తే ఏం బొమ్మవుతుందో చూసిన కళ్లు ఆయనవి మాత్రమే.

“అట్ల చెప్పు మరి! హంసలేనా!” అని చౌడమ్మ లేచింది. అటక మీది పాత హంసల అట్టలు దించి మగ్గానికి ఎక్కించింది. ఎవరెవరి పెళ్లిళ్లకో నేసిన అవే హంసలను ఈసారి తన కోసం నేసింది. నేస్తున్నంతసేపూ మంచం వైపు తిరగలేదు.

కొంగు పూర్తయ్యే రోజుల్లో పాత సామాన్లవాడు వచ్చాడు. నన్ను ఎత్తుకుని మంచం పక్కగా పోతుంటే ఓబుళపతి ఎడంచేత్తో నా అంచు పట్టుకున్నాడు. వాడు లాగాడు, ఈయన వదల్లేదు. నోట్లోంచి ఆ శబ్దమే వస్తోంది. చౌడమ్మ మగ్గం దిగి వచ్చి ఆ వేళ్లను ఒక్కొక్కటే నా మీంచి విడిపించింది.

“ఇడ్సయ్యా,” అంది, ఆయన కళ్లలోకి చూడకుండా. “హంసలు శానా బాగుండాయిలే.”