రిజిస్టర్‌లో లేని పేరు

“నీ తెలుగు మంచిగుంటది కదా, జర దీన్ని సాఫ్ చేసిపెట్టు,” అంటూ శ్రీపాల్ నాలుగు కాగితాలు స్టవ్ పక్కన గట్టు మీద పడేసి స్నానానికి వెళ్లిపోయాడు. నేను పచ్చిపులుసుకి ఉల్లిగడ్డలు తరుగుతున్నాను. ఆ రోజు పదకొండింటికి మా సంగం సర్వసభ్య సమావేశం. హైదరాబాద్ నుంచి పేరు మార్చే వాళ్లు వస్తారని, పదిహేను మందికి భోజనాలు మన ఇంట్లోనే అని ముందు రోజు సాయంత్రం చెప్పాడు. చెప్పాడు అంటే అడిగాడని కాదు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో మా ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే, “అయ్యిందా?”

తడి చేత్తోనే కాగితాలు తిప్పాను. పైన కొత్త పేరు, ‘సమతూకం ఫౌండేషన్’. పక్కన లేత నీలం రంగులో త్రాసు బొమ్మ. పదిహేనేళ్లుగా మాది ‘ఇబ్రహీంపట్నం మహిళా కూలీల సంగం’. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు, కాశమ్మ సంగం అంటారు. ఇప్పుడు పక్క జిల్లాలకు కూడా వెళ్తున్నాం, బెంగళూరులో ఎవరో పెద్దవాళ్లు అండగా ఉంటామన్నారు, కూలీ అన్న మాట వాళ్లకు రుచించలేదట. పేరు మారితే మారనీ, దానికి నాకేం ఏడుపు లేదు. మూడో పేజీ దగ్గర మాత్రం కత్తి పక్కన పెట్టాను. ‘మా కథ’ అని శీర్షిక. ‘2010లో ఒక యువ రైతు ఒంటరిగా బయలుదేరాడు’ అని మొదలు. ఒంటరిగా! మరి ఆ ఏడాది ఆయన బండి వెనక, ఆరో నెల కడుపుతో, కొంగరకలాన్ నుంచి నాదర్‌గుల్ దాకా గుంతల రోడ్ల మీద ఎగిరెగిరి పడింది ఎవరు? ఆఖరి పేజీలో నా ఫొటో ఉంది. చేతిలో చాయ్ కప్పుల పళ్లెం. కింద ‘శ్రీపాల్ గారికి అడుగడుగునా అండగా నిలిచిన సతీమణి’ అని రాశారు. సతీమణికి పేరు లేదు. దీన్ని నేను సాఫ్ చేయాలి.

శ్రీపాల్ చెడ్డవాడు కాదు. నా చిక్కల్లా అక్కడే. తాగడు, కొట్టడు, గొంతు కూడా పెంచడు. “సార్ లాంటి మొగడు దొరకాల్నంటే రాసిపెట్టి ఉండాలె అక్కా,” అని సంగం ఆడవాళ్లు నా మొహం మీదే అంటారు. నేనూ అవ్ అని నవ్వుతాను. మా అత్త బుచ్చమ్మ అయితే బతికున్నన్నాళ్లూ ఒకటే మాట, “ఊళ్లె ఆడోళ్ల కష్టమంత నా కొడుకు మోస్తుండు, నువ్వు ఆయన అన్నం గిన్నె మొయ్యి, సాలు.” మోశాను. గిన్నెతో పాటు అర్జీలు, దరఖాస్తులు, ఆయన ఉపన్యాసాలు మోశాను. మొన్న మార్చిలో శేరిగూడ కాలేజీలో మహిళా దినోత్సవానికి ఆయన్ని పిలిచారు. “ఇంటిపనికి విలువ కట్టాలె అని గట్టిగ రెండు పేజీలు రాయి. చాయ్ పెట్టినంక రాయి,” అన్నాడు. చాయ్ పెట్టాకే రాశాను. పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారని వచ్చి సంబరంగా చెప్పాడు. అప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు రాలేదు. కూర మాడు వాసన వచ్చేదాకా ఆ కాగితాలే చూస్తూ నిలబడ్డాను.

సాఫ్ చేయలేదు. వంట ముగించి, చీర మార్చుకుని, రిజిస్టర్ సంచీలో పెట్టుకుని నడిచి వెళ్లాను.

మా సంగంలో చేరడానికి ఒక పద్ధతి ఉంది. అది పెట్టింది కాశమ్మ. చెరువు చేపలు గంపలో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేది, చదువు లేదు, నోరు మాత్రం ఉంది. ఫారం నింపితే ఎవరూ సభ్యురాలు కారు. గది మధ్యలో ఈతచాప పరుస్తారు. కొత్తగా వచ్చినామె దాని మీద ఒక్కతే కూర్చుని తన కష్టం చెప్పుకోవాలి. అంతా విని కాశమ్మ, “ఎవరి మీద?” అంటుంది. ఆ మనిషి పేరు పైకి చెప్పాలి. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు నోట పలకరు, కొందరికి ఆ ఒక్క మాట రావడానికి గంట పడుతుంది. ఆ పేరు వచ్చాకే రిజిస్టర్‌లో ఎక్కుతారు. రాసేది నేను. మూడు వందల నలభై రెండు మంది కష్టాలు నా అక్షరాల్లో ఉన్నాయి.

సంగం షెడ్డు కిక్కిరిసి ఉంది. కొత్త పేరు తయారుచేసిన ఉజ్వల అనే అమ్మాయి గోడ మీద బొమ్మలు చూపిస్తూ చకచకా చెప్పుకుపోతోంది. ఆమె పక్కన కుర్చీలో శ్రీపాల్, గంజి పెట్టిన తెల్ల చొక్కాలో. గంజి నేను పెట్టిందే. ఇక మీదట చాప పద్ధతి ఉండదు, ఫోన్‌లో నింపితే చాలు, సభ్యులనే మాట బదులు లబ్ధిదారులు అంటాం, నిర్ణయాలు ట్రస్టీలు చేస్తారు అంది.

“లబ్ధిదారులంటే ఏంది బిడ్డా?” అంది కాశమ్మ.

“సాయం అందుకునేవాళ్లు అమ్మా.”

“మేమేం అందుకున్నం? కలెక్టరాఫీసు ముంగట మూడు దినాలు ఎండల కూసున్నది మేమే గద.”

ఆ అమ్మాయి శ్రీపాల్ వైపు చూసింది. ఆయన చిన్నగా నవ్వి, “అన్నీ నిమ్మలంగ చెప్త కాశమ్మా, ముందు తీర్మానం కానియ్యి,” అన్నాడు. ఆ నవ్వు నాకు తెలుసు. నేను ఏదైనా అడిగితే ఇంట్లో నవ్వేది అదే. లేచి నిలబడ్డాను.

“ఈ తీర్మానం మీద నేను మాట్లాడాలె. మా కథ అని రాసిన్రు గద, గా కథల...”

ఉజ్వల కంప్యూటర్‌లో వెతికింది. పాపం, మర్యాదగానే అంది, “మేడమ్, మీ పేరు సభ్యుల లిస్టులో లేదు. రూల్ ప్రకారం సభ్యులే మాట్లాడాలట.”

“మంచిగ చూడు,” అన్నాను.

ఆమెకంటే ముందు నేనే చూశాను. నిలబడే రిజిస్టర్ మొదటి పేజీ నుంచి తిప్పాను. కాశమ్మ, రేణుకమ్మ, కృపారాణి... అన్నీ నా రాతే, నా పేరు లేదు. సంగం పెట్టిన నాడు శ్రీపాల్‌తో కలిపి ఏడుగురు సంతకాలు చేశారు. “ఒక్క ఇంట్లకెళ్లి ఇద్దరుంటే బాగుండదు సంతోషీ, ఆఫీసులల్ల తిరిగేది నేనే గద,” అన్నాడు శ్రీపాల్. సరే అన్నాను. ఆ తరవాత చాప మీద కూర్చునే అవసరమే నాకు రాలేదు. నాకేం కష్టం? నా మొగుడు దేవుడు. ఊరందరినీ ఎక్కించుకుంటూ పోయాను, నేను బయటే ఉన్నానన్న సోయి కూడా లేకపోయింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గు కాసేపటికే కోపమైంది.

“నువ్వు మన మనిషివే, గీ లిస్టులదేముంది,” అన్నాడు శ్రీపాల్ మెత్తగా. “జర చాయ్ సంగతి చూడు, అందరు వచ్చిన్రు.”

నేను మూలకు నడిచాను. చుట్ట చుట్టి నిలబెట్టిన ఈతచాప తెచ్చి అందరి మధ్య పరిచాను. దాని మీద కూర్చున్నాను.

“గిప్పుడు గా చాపెందుకు?” అన్నాడు శ్రీపాల్.

కాశమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది. నా ఒళ్లోంచి రిజిస్టర్ తీసి వెళ్లి ఆయన ముందు పెట్టింది. “కొత్త మనిషి చేరుతున్నది సారూ. రాసేటామె చాప మీద కూసున్నది. ఇయ్యాల నువ్వే రాయాలె.”

అందరి కళ్లూ ఆయన మీదే. ఏం చేస్తాడు, పెన్ను తీశాడు.

నేను చెప్పాను. పెద్దగా చెప్పలేదు, ఏడవలేదు. “పదిహేనేండ్లు నేను పని చేసిన. గా పనికి వేరేటోళ్ల పేరు పెట్టిన్రు. నా చేతులకు చాయ్ పళ్లెం ఇచ్చి ఫొటో దింపిన్రు. నేను లేకుండ రాసిన కథను నన్నే మంచిగ చెయ్యమన్నరు. నాకు కష్టమైంది. ఎప్పటిసంది అయితున్నదో నాకే ఎరుక లేదు.” వెనక ఎవరో ముక్కు చీదారు.

“ఎవరి మీద?” అంది కాశమ్మ.

కాగితాల మీద ఆ పేరు వేల సార్లు రాశాను, నోటితో ఒక్కసారి పిలవలేదు. గంట పట్టిన ఆడవాళ్లను చూసి లోపల విసుక్కునేదాన్ని. నాలుక ఎందుకు తిరగదో ఆ క్షణం తెలిసింది.

“శ్రీపాల్ మీద.”

పెన్ను ఆగింది. ఆయన తల ఎత్తలేదు. ముందుకు వంగి నాకొక్కదానికే వినిపించేలా, “ఇంటికి పోయినంక మాట్లాడుకుందాం,” అన్నాడు.

మొగుళ్లు, అన్నలు, మేస్త్రీలు, ఎవరి మీద ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా వాళ్లు మొదట అనే మాట ఇదే. ఎన్నిసార్లు విన్నానో, వాళ్ల పేర్ల కింద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు.

“గా మాట గూడ రాయి,” అన్నాను, అందరికీ వినబడేలా.