కిరాయి లేని బల్ల

రెండో రకానికి బ్రాకెట్ మూసి దేవిక మూడోది మొదలుపెట్టింది. కుర్చీలైతే ఎన్ని, గంజు అయితే అందులో ఎన్ని కిలోల అన్నం ఉడుకుతుంది, షామియానా అయితే ఎన్ని అడుగులు. కిరాయి సామాన్లన్నీ జాబితాలో ఒకే వరుసలో కలిసి వస్తాయి. వచ్చింది ఏ రకమో ముందు చూసి, దానికి తగిన వివరాలే అడగమని కంప్యూటరుకు చెప్పాలి. జేసన్ స్కీమా అంటే ఇంతే. కిరాయి దుకాణాల కోసం యాప్ తయారుచేసే హైదరాబాదు కంపెనీకి ఆమె మెదక్‌లో, తండ్రి టెంట్‌హౌస్ వెనక గదిలోంచే పనిచేస్తుంది. నలభై దాటాయి. ఆమె పెళ్లి మాట చుట్టాలు ఎత్తడం మానేసి కూడా చాలా కాలమైంది.

ముందు గదిలో తండ్రి ఐలయ్య చిన్న సుత్తితో గంజు సొట్టలు తీస్తున్నాడు. నాలుగు దెబ్బలకోసారి ఆగి, ఎగపోసుకుంటూ ఊపిరి తీసుకుంటున్నాడు. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. రెండు రోజులుగా ఆయన కూతురితో కలిసి అన్నం తినడం లేదు.

తప్పు దేవికదే. మొదట తమ దుకాణంలోని అన్ని సామాన్లకూ ఒకే నమూనా రాసేసింది. దాంతో యాప్, కుర్చీని కూడా ఎన్ని కిలోలు వండుతావని అడిగింది. దానికి ఇద్దరూ పడీపడీ నవ్వారు. బల్ల దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది.

అది ఐలయ్య తండ్రి చేయించిన టేకు బల్ల. చావు జరిగిన ఇంట్లో పోయిన మనిషిని పడుకోబెట్టడానికి ఇస్తారు. దానికి కిరాయి లేదు, తిరిగి ఇచ్చే రోజూ లేదు. ఏ ఇంటికి పోతే ఆ ఇంట్లోనే ఉంటుంది. తర్వాత అవసరం పడ్డవాళ్లు వచ్చి అక్కడినుంచే మోసుకుపోతారు. హిందువులు, కిరస్తానీలు అనే తేడా దానికి లేదు. దేవిక మాత్రం, ఆ నమూనా ఏదీ ఖాళీ వదలనివ్వక, ఆ బల్లకు కిరాయి సున్నా అనీ, గడువు ఏదో ఒక తేదీ అనీ నింపేసింది. ఆ తేదీ రాగానే, భర్త ఇమ్మాన్యుయేలును పోగొట్టుకున్న యేసమ్మ ఫోనుకు యాప్ నుంచి దానంతటదే మెసేజ్ వెళ్లింది. మీ వేడుకలో మాకు చోటిచ్చినందుకు ధన్యవాదాలు, మళ్లీ అవకాశం ఇవ్వండి అని.

ఐలయ్య ఆ ఇంటికి పోయి, చేతులు పట్టుకుని తప్పయిందని చెప్పి వచ్చాడు.

"గా బల్లను అండ్లకెల్లి తీసెయ్యి బిడ్డా. సావు ఇంటికి గసొంటి మాట పోవద్దు" అన్నాడు ఈ పొద్దున టీ గ్లాసు కింద పెడుతూ.

"తీసేస్తే మనకు బల్లే లేదన్నట్టయితది నాయినా. జర ఆగు. దానికి వేరే రాస్త."

బల్ల కోసం నాలుగో రకం రాస్తుంటే దేవికకు చిన్నప్పటి సాయంత్రాలు గుర్తొచ్చాయి. పెళ్లిళ్ల నుంచి సామాను తిరిగొచ్చేది. తను బోర్లించిన గంజు మీద కూర్చుని ఒక్కొక్కటీ చూసి దాని పేరు అరిచేది. గరిటె, గంపెడు గ్లాసులు, మసాలా వాసన పట్టిన తెరలు. తండ్రి రిక్షాలోంచి సామాను దింపుతూ, "గిప్పుడేమొచ్చింది బిడ్డా?" అని అడిగేవాడు. ఏది చూసి ఏమి అనాలో అప్పుడు తనకెంత బాగా తెలుసు. ఆ రోజులు మళ్లీ వస్తే బాగుండుననిపించింది.

మధ్యాహ్నానికి అయిపోయింది. తప్పు చూపించకుండా యాప్‌లోకి కుర్చీలు పోయాయి, గంజులు పోయాయి, బల్ల పేరొక్కటే రాస్తే అదీ పోయింది. కావాలని బల్లకు కిరాయి రాసి చూసింది. తప్పు అంటూ ఎర్రగా చూపించింది. దేవిక గబగబా ముందు గదిలోకి వచ్చింది.

"నాయినా, బల్లకు కిరాయి రాస్తే తీసుకుంటలేదు. తేదీ రాసినా తీసుకుంటలేదు. ఇగ మెసేజ్ పోదు."

ఐలయ్య సుత్తి ఒళ్లో పెట్టుకుని ఆమె ముఖంలోకి చూశాడు.

"యేసమ్మకు చెప్పినవా?"

"పొద్దుగూకినంక పోయి చెప్పొస్త."

"మంచిగైంది. ఆకలైతుంది, అన్నం పెట్టు. నువ్వు గూడ తెచ్చుకో."

ఆమె రెండు కంచాలు పట్టుకుని వచ్చేసరికి ఆయన మడతపెట్టిన షామియానాకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. కునుకు పట్టిందనుకుంది. కంచం ముందు పెట్టి పిలిచింది. భుజం మీద చేయి వేసి మళ్లీ పిలిచింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే ఊపిరి తగల్లేదు. తర్వాత ఆ రెండు కంచాల మధ్య చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది.

బల్ల సంగతి ఎవరికీ చెప్పాలని కూడా ఆమెకు తోచలేదు. సాయంత్రం కబురు తెలిసి యేసమ్మ కొడుకులిద్దరూ దాన్ని భుజాల మీద మోసుకొచ్చి వాకిట్లో దించారు. వెనకే వచ్చిన యేసమ్మ తన కొంగుతో బల్లంతా తుడిచింది.

"మీ నాయిన ఊకెనే పరేషాన్ అయిండు బిడ్డా. మాకు కోపమే రాలె."

అప్పటిదాకా ఏడవని దేవిక అప్పుడు ఏడ్చింది.

మూడో రోజున కుర్చీలు లోపలికి చేరాయి. షామియానా విప్పి మడత పెట్టారు. తిరిగొచ్చిన సామానంతా దేవిక ఒక్కొక్కటీ చూసి యాప్‌లో ఎక్కించింది. వాకిట్లో గోడవారన బల్ల ఒక్కటే మిగిలింది, ఇంకెవరో వచ్చి మోసుకుపోయేదాకా.