నీళ్ల మీద మాట

మా ఊరి సరస్సుకు ఒక రోగం ఉంది. సాయంత్రం గాలి పడిపోయాక దాని నడిమధ్యన ఎవరేం మాట్లాడినా ఒడ్డున ఉన్నవాళ్ల చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. చుట్టూ కొండలు ఉండడం వల్ల అని బడిపంతులు అంటాడు. ఎందువల్లనైతేనేం, మాకు మాత్రం ప్రాణసంకటం.

అందుకని మా పెద్దవాళ్లు ఒక కట్టుబాటు పెట్టారు. నీళ్ల మీద విన్నది విననట్టే. ఆ మాట పట్టుకుని ఎవరినీ అడగకూడదు, నవ్వకూడదు, సలహా చెప్పకూడదు. మంగలీ అతని భార్యా చేపలకని పడవలో వెళ్లి తిట్టుకుంటారు. కోపంలో మనిషికి ఊరూ గుర్తుండదు, సరస్సూ గుర్తుండదు. మర్నాడు అతని ముందు గడ్డానికి కూర్చున్నవాళ్లు పైకప్పు కేసి చూస్తూ ఉంటారు. పంతులైతే కావాలనే పడవెక్కి పాటలు పాడతాడు, ఊరు మెచ్చుకుంటుందని ఆశ. కట్టుబాటు మమ్మల్ని కాపాడుతోంది.

దీనితో వచ్చిన చిక్కల్లా కొత్తవాళ్లతోనే. "మీ మాటలు మాకు వినపడతాయి" అని చెబితే విన్నామని ఒప్పుకున్నట్టే కదా. కాబట్టి ఎవరూ చెప్పరు. మూడేళ్ల కిందట వచ్చిన దర్జీకి కూడా ఎవరూ చెప్పలేదు. అతని దుకాణం ఒడ్డుకు దూరం, చీకటి పడేదాకా మిషను తొక్కుతూనే ఉంటాడు కాబట్టి తనంతట తానూ వినలేదు. ఎప్పుడు చూసినా మెడలో టేపు వేలాడుతుంటుందని అతన్ని అందరం టేపు అంటాం. మంచివాడే. చొక్కా గుండీ కుట్టినా మనిషి ఆరోగ్యం గురించి అడిగి మరీ కుడతాడు.

ఇక మా వదిన సంగతి. ఆవిడ మా ఆయనకు అక్క. తల్లీతండ్రీ తానే అయి తమ్ముణ్ణి పెంచింది, ఆ పనిలో పడి తన పెళ్లి మరిచిపోయింది. మా ఆయన జ్వరంతో పోయాక ఆ ఇంట్లో మేమిద్దరం మిగిలాం. నేను ఒడ్డున టీ కొట్టు నడుపుతాను, ఆవిడ చిరిగిన వలలు బాగుచేస్తుంది. ఆ వలలకు కట్టే సీసపు గుళ్లు ఇల్లంతా దొర్లుతూ నా కాలివేళ్లకు తగులుతుంటాయి. అక్కడ మొదలయ్యే పోట్లాట పడుకునేదాకా సాగుతుంది. నా నోరు మంచిది కాదని నాకు తెలుసు. ఆవిడదీ కాదు.

ఈ మధ్య ఆవిడ బట్టలు తెగ చిరుగుతున్నాయి. వారానికొకటి పట్టుకుని టేపు దగ్గరికి పరుగు. ఎలకలు కొరికాయంటుంది. ఒకరోజు తీసి చూశాను. మా ఇంటి ఎలకలు కత్తెరతో కొరుకుతాయని అప్పుడే తెలిసింది.

నేనేమీ అనలేదు. ఎందుకు అనలేదంటే, అంటే ఆ విషయం నిజమైపోతుందని భయం. టేపు దుకాణం ఎత్తేసి పట్నం వెళ్లిపోతున్నాడని ఊరంతా అనుకుంటోంది. వెంట వదిన కూడా వెళితే, పొద్దున్నే లేచి నేను ఎవరిమీద కేకలేయాలి?

ఆ సాయంత్రం టేపు ఎవరి పడవో అడిగి తీసుకుని వదినను ఎక్కించుకున్నాడు. ఏకాంతంగా మాట్లాడడానికి, పాపం, ఊరంతటిలోకీ ఎవరూ లేని చోటు వెతుక్కున్నాడు. పడవ సరిగ్గా నడిమధ్యకు వెళ్లి ఆగింది. గాలి పడిపోయింది. నా కొట్టు బల్లమీద పంతులూ మంగలీ ఇంకో నలుగురూ ఒక్కసారిగా ఆకాశం కేసి తలలెత్తారు. ఊదుకుంటూ తాగేవాళ్లు ఊదడం మానేశారు.

టేపు గొంతు సవరించుకోవడం కూడా వినబడింది.

"నాకు చుట్టూ తిప్పి చెప్పడం రాదండీ. వచ్చేవారం పట్నం వెళ్లిపోతున్నాను. మీరూ నాతో రండి. పెళ్లి చేసుకుందాం."

నేను పొయ్యి ముందు గరిటె పట్టుకుని కొయ్యబారిపోయాను. వదిన గొంతు వినబడింది.

"నాకూ రావాలనే ఉంది. మరి మా మరదలో? దాని నోటికి జడిసి ఎవరూ దాని గుమ్మం తొక్కరు. తమ్ముడు పోయినప్పుడు తిండి మానేసి గోడ కేసి చూస్తూ కూర్చుంది. తిట్టి తిట్టి తినిపించాను. నేను లేకపోతే దాన్ని తిట్టేదెవరు? అది పొమ్మంటే తప్ప నేను రాను. పొమ్మంటావా అని దాన్ని అడగడం నా వల్ల కాదు."

బల్ల మీదివాళ్లు ఇంకా పైకే చూస్తున్నారు. నేను విననట్టు ఊరుకుంటే చాలు. తప్పు పట్టేవాళ్లు లేరు, కట్టుబాటు నా పక్షాన ఉంది. టేపు ఒక్కడే పట్నం పోతాడు. రాత్రికి వదిన ఇంటికొస్తుంది, కందిన కళ్లతో, నా మీద కేకలేస్తూ. నాకు కావలసింది అదే. దేవుడి మీద ఒట్టు, అదే కావాలి.

గరిటె పడేసి నీళ్ల అంచుదాకా వెళ్లాను.

"వదినా, వెళ్లు! నా తిండి నేను తింటాను, వెళ్లు!" అని గొంతు చించుకుని అరిచాను.

కొండలు ఆ మాటను రెండుసార్లు అప్పజెప్పాయి. మా ఊళ్లో ఆ కట్టుబాటు తప్పిన మొదటి మనిషిని నేనే. పడవలో టేపు అదిరిపడి లేచాడు, పడవ ఊగింది, కూర్చోమని వదిన గదమాయించింది. ఆ తర్వాత ఆవిడ గొంతు నింపాదిగా వచ్చింది.

"అంత అరవక్కర్లేదు. మెల్లగా చెప్పినా వినపడుతుంది. ఈ పూట ముగ్గురికి వండు."

అప్పటికి నా బుర్ర పనిచేసింది. టేపు కొత్తవాడు గానీ వదిన ఈ ఒడ్డునే పుట్టింది. నీళ్ల మీద మాట ఎక్కడిదాకా పోతుందో ఆవిడకు తెలియదా? వంటింట్లో నా ఎదురుగా నిలబడి అడగలేనిది, అంత దూరం వెళ్లి అడిగింది.

వెనక్కి వచ్చి ముగ్గురికి సరిపడా ఎసరు పెట్టాను. వెక్కి వెక్కి ఏడుస్తూనే పెట్టాను. బల్ల మీద ఒక్కడూ తల దించలేదు. మా ఊరివాళ్లు చాలా మంచివాళ్లు.