మంచు కరిగేదాకా గడువు

వెర్నా లెక్లేర్‌కి కోర్టు కాగితాలు వచ్చేసరికి మార్చి నెల, మేపుల్ చెట్లలో తీపినీరు పారే రోజులు. అమెరికాలోని వెర్మాంట్ కొండల్లో ఆ ఐదారు వారాలు ఎవరికీ ఊపిరాడదు. ఆ నీరు కాచే పాకం పొయ్యి దగ్గరే నిలబడి, జిగట చేతులతోనే కవరు చింపింది.

కొండ మీది మేపుల్ తోపు తనదంటూ దావా వేసిన హాలోవెల్ అనే కొత్త ఆసామి తరఫున లాయరు పంపిన ప్రశ్నలవి, మొత్తం ఇరవై మూడు. ముప్పై రోజుల్లో జవాబివ్వకపోతే అన్నీ ఒప్పుకున్నట్టే లెక్క. పద్నాలుగోది చదివి కూర్చుండిపోయింది. 'ఈశాన్యం మూలలో హద్దురాయి ఏదీ లేదని ఒప్పుకుంటున్నారా?'

రాయి ఉంది. తోపు ఎవరి హద్దులోదో తేల్చేది అదే. పదకొండేళ్ల వయసులో వాళ్ల నాన్న ఆమె చెయ్యి పట్టి దాని మీద పెట్టించాడు కూడా. కానీ అది యాభై ఏళ్ల కిందటి మాట. ఇప్పుడుందో లేదో కళ్లతో చూడకుండా ఒట్టేసి సంతకం చేసే మనిషి కాదు వెర్నా. జవాబివ్వకపోతేనేమో తాత కాలం నుంచి నీరు తీస్తున్న ఆ తోపు చేజారిపోతుంది.

గడువు అడగాలంటే ముందు అవతలి లాయరుని అడగాలట. గ్రేసన్ అనే ఆ లాయరుకి ఫోను చేసింది.

"రాయి ఉంటే ఉందనండి మేడమ్, లేకపోతే లేదనండి. దానికి ముప్పై రోజులు చాలవా?"

"దాని మీద నాలుగడుగుల మంచుంది బాబూ."

"పార తీసుకెళ్లండి."

"తీసుకెళ్లాను. పదకొండు గోతులు తవ్వాను. నడుం పట్టేసింది గానీ రాయి దొరకలేదు."

"మరింకేం, లేదని రాసేయండి!" అని పెట్టేశాడు.

గడువు ముగియడానికి రెండు రోజుల ముందు వెర్నా కోర్టు కిటికీ దగ్గర నిలబడి అర్జీ రాసింది. లోపల కూర్చున్న గుమస్తా డోరీన్ ఆమెతో కలిసి చదువుకున్నదే. కాగితం చూసి కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"ఇదేంటే? ఎప్పటిదాకా అని అడిగితే 'మంచు కరిగేదాకా' అని రాశావు? తారీఖెయ్యాలి."

"మంచుకి తారీఖు నేనెలా వేసేదే? అడిగితే చెప్తుందా అది?"

"ఏదో ఒకటి పడెయ్, పోయేదేముంది?"

"తెలియని తారీఖు రాసి కింద సంతకం చెయ్యమంటావా? అలాగే ఉండనీ."

డోరీన్ నిట్టూర్చి ముద్ర కొట్టింది. "జడ్జి గసిరితే నా పేరు మాత్రం ఎత్తకు తల్లీ."

విచారణ నాటికి ఏప్రిల్ వచ్చింది. ఊళ్లో వీధులు పొడిగా ఉన్నాయి. గ్రేసన్ సన్నటి తోలు బూట్లతో, నవ్వుతూ లేచాడు.

"జడ్జిగారూ, ఈ అర్జీలో తారీఖే లేదు. ఇది గడువు కోరడమా, వాతావరణ వార్తలా? బయట చూడండి, మంచెక్కడుంది?"

వెర్నా చెవులు ఎర్రబడ్డాయి. డోరీన్ మాట విని ఏదో ఒకటి రాసుంటే బాగుండేదేమో అనిపించింది.

జడ్జి వుడ్‌బరీ అర్జీ పక్కన పెట్టి ప్రశ్నల కాగితం తీశాడు. "లాయరుగారూ, ఆ మూలలో రాయి లేదని మీ క్లయింటుకి ఎలా తెలుసు?"

"స్వయంగా వెళ్లి చూశారండీ."

"ఎప్పుడు?"

గ్రేసన్ ఫైలు తిరగేశాడు. "ఫిబ్రవరి పదకొండున."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జి వారించలేదు.

"ఫిబ్రవరిలోనా? అప్పుడా కొండ మీద కంచెలే కనిపించవు. మీ ఆసామి ఆ రాయి నెత్తి మీదే నిలబడి రాయి లేదన్నాడేమో!"

ఈసారి హాలంతా గొల్లుమంది. గ్రేసన్ ఫైలు మూసేశాడు.

"లెక్లేర్ గారూ, అక్కడ నేల ఎప్పుడు కనబడుతుంది?"

వెర్నా లేచింది. "అది ఉత్తరం వాలండీ, పైగా దట్టమైన నీడ. మే సగం దాటాలి. ఓ ఏడాది మే ఇరవయ్యో తారీఖు దాకా మంచుంది. అందుకే తారీఖు రాయలేదు. తెలియంది రాయలేనండీ."

"తెలియంది రాయనన్న మనిషిని ఈ గదిలో చూసి చాలా కాలమైంది," అన్నాడు జడ్జి. "జూన్ పది దాకా గడువిస్తున్నాను. మంచు కరిగాక ఇరుపక్షాలూ సర్వేయరుని వెంటబెట్టుకుని కలిసి వెళ్లండి. లాయరుగారూ, మీరు కూడా. ఈసారి నేల చూసి మాట్లాడదాం."

అడిగినదానికంటే ఎక్కువే దొరికింది. వెర్నా కోటు గుండీలు ఒకదాని కాజాలో ఒకటి పెట్టుకుంటూ బయటికొచ్చింది. వరండాలో గ్రేసన్ వెనకే వచ్చాడు.

"మేడమ్, మేలో ఆ కొండెక్కాలంటే ఎలాంటి బూట్లు కావాలి?"

"మోకాళ్ల దాకా రబ్బరువి కొనుక్కో బాబూ. మంచు పోయాక బురద వస్తుంది. దానికీ తారీఖుండదు."

ఎదురుగా ఉన్న హోటల్లో కాఫీ, రెండు డోనట్లు చెప్పి, పొయ్యి దగ్గరున్న మొగుడు ఎవరెట్‌కి ఫోను చేసింది.

"గెలిచావా?" అన్నాడు ఆయన, మంట చప్పుడులో అరుస్తూ.

"జూన్ పది దాకా గెలిచాను!" అని హోటలంతా వినబడేలా అరిచింది. బల్లల దగ్గరి తలలన్నీ ఇటు తిరిగాయి. ఇంకేముంది, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.