వేడి తెలియని మడమ

నేను ఒక ఇటుకని. బట్టీలో కాలి పుట్టాను కాబట్టి నిప్పంటే భయం లేదు. నా తోటివాళ్లంతా గోడల్లో కుదురుకున్నారు. నేను మాత్రం విజయనగరంలో పైడిరాజు ఇంటి పొయ్యి పక్కన మిగిలిపోయి, మడమల వైద్యుణ్ణయ్యాను. నన్ను కాల్చి, పైన జిల్లేడాకులు పరిచి మడమ అదిమితే శూల పోతుందని ఆ వీధి నమ్మకం.

మనుషులు మడమతో చేయించే చాకిరీ గాడిదతో కూడా చేయించరు. పైడిరాజు భార్య నూకరత్నం బడిలో సిమెంటు గచ్చు మీద నిలబడి వంట చేసేది. పక్కింటి అప్పలనరస చెప్పులు అట్టల్లా అరిగినా మార్చదు. ఎదురింటాయనకు ఒళ్లు పెరిగింది గానీ మడమలు పెరగలేదు. పొద్దున్నే మంచం దిగి తొలి అడుగు వేస్తూనే అందరూ "అమ్మా!" అనేవాళ్లే. నా వేడికి కాసేపు హాయిపడి, మళ్లీ అదే గచ్చు, అవే చెప్పులు. పేరు మాత్రం నాకొచ్చింది.

ఆ ఆదివారం పైడిరాజు వంతు వచ్చింది. ఆయన రోజంతా గేటు దగ్గర నిలబడే వాచ్‌మన్, పైగా పాత షుగరు మనిషి. నూకరత్నం నన్ను బొగ్గుల్లో కాల్చి ఆకులు పరిచింది. ఆయన మడమ ఆన్చాడు.

"వేడే నేదేటే ఇది? ఇంకా కాల్చాల."

"బాబోయ్, నానైతే ఆన్చనేను!"

నా ఒంట్లో వేడి ఎంతుందో నాకు తెలియదా? ఆకులు నల్లబడుతున్నాయి. ఆయనేమో బరువంతా వేసి నొక్కుతున్నాడు. లోపలి పోటు తెలిసే ఆ కాలికి పైనున్న నిప్పు తెలియడం లేదు. ఆ స్పర్శను షుగరు ఎప్పుడో తినేసింది. కాలు తీయవయ్యా అని అరవడానికి నాకు నోరేదీ?

"ఏటో కాల్తన్న వాసనొస్తంది మావా."

"ఆకులేలే."

ఆకు సర్దబోయి ఆమె వేలు కాల్చుకుంది. చటుక్కున ఆయన కాలు పట్టి లాగింది. చర్మం ఆకుకే అంటుకుపోయింది.

"నాకేటీ తెలీనేదే..." అన్నాడు పైడిరాజు. గాయం కన్నా ఆ మాటకే ఆమె ఎక్కువ హడలిపోయింది.

పుండు మానకపోతే కాలు తీసేయాలన్నాడు డాక్టరు. నూకరత్నం నన్ను పెరట్లో చెత్తకుప్ప మీదికి విసిరేసింది. ఆమె కడుపుమంట నాకు తెలుసు, తప్పుపట్టను. నర్సమ్మ కట్టు మార్చడానికి వచ్చినప్పుడల్లా పుండు చుట్టూ నొక్కి, "తెలుస్తందా?" అని అడిగేది. "నేదమ్మా" అనేవాడాయన. కుప్పలో పడి ఆ మాట వినలేక చచ్చేవాణ్ణి.

నెలల తరబడి మందులతో షుగరు అదుపులోకొచ్చాక, ఈవేళ దూది తగలగానే ఇల్లదిరేలా కేక వినబడింది: "ఓలమ్మో, సచ్చానే!"

నూకరత్నం పెరటి గడప మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"అరిసుకో మావా," అంది, "గట్టిగా అరిసుకో!"