బా నలభై మూడు

నర్సమ్మని బడిపిల్లలంతా సూదక్క అంటారు. సూది పేరెత్తితే ఏడుపు లంకించుకునే పిల్లలే, ఆమె కనిపిస్తే మాత్రం కొంగు పట్టుకుని తిరుగుతారు. ఇరవయ్యారేళ్ళుగా ఆ పేటలో టీకాలు వేసేది ఆమే. రిజిస్టర్లో ఆమెది పొదుపు రాత. టీకా పడితే పేరు ఎదురుగా ‘వే’, అంటే వేశాం. ఇంకా పడకపోతే ‘బా’, అంటే బాకీ. మూరెడేసి పేర్లున్న పిల్లలు మూడొందల మంది ఉంటే మనిషన్నవాడు ఇంకెలా రాస్తాడు మరి.

ఆ సోమవారం బడిలో కంఠసర్పి టీకాలు వేస్తుండగా మధ్యలో మందు అయిపోయింది. గొంతు పూడ్చేసి పసివాళ్ళ ప్రాణం తీసే జబ్బది. మందు నిండుకునేసరికి వరుసలో ముందున్నది పిచ్చుక. సరిహద్దు దాటి వచ్చి గోదాము వెనక రేకుల ఇళ్ళలో ఉంటున్న తొమ్మిది కుటుంబాల్లో ఒకదాని పిల్ల. గలగలా వాగుతుందని సూదక్కే దానికా పేరు పెట్టింది. ఊళ్ళు మారడంతోనే సరిపోయి, ఆ పిల్లకి పుట్టాక ఒక్క టీకా కూడా పడలేదు.

“శుక్రవారం మొదటి సూది నీకే.”

“అయితే నొప్పి లేని సూది తీసుకురా అత్తా.”

సూదక్క నవ్వుకుంటూ బడి బోర్డు మీద కాగితం అంటించింది: ‘కంఠసర్పి. వే 261, బా 43’. ఇంటికెళ్ళి కడుపునిండా తిని నిశ్చింతగా పడుకుంది, పిచ్చి మాలోకం.

బుధవారం ఆమె ఉల్లిపాయలు కొంటుంటే సందు మలుపులో మైకు మోగింది. ఎన్నికల సభ. మాట్లాడుతున్నది కౌన్సిలరు. మైకు దొరికితే వదలడని పేటలో అందరూ ఆయన్ని మైకయ్య అంటారు.

“ఇది నా మాట కాదు. బడి బోర్డు మీద నర్సే రాసింది. బా నలభై మూడు. అంటే కంఠసర్పి బాధితులు నలభై మూడు మంది. ఎవరు వీళ్ళు? నిన్నగాక మొన్న సరిహద్దు దాటి వచ్చినవాళ్ళ పిల్లలు. మీ పిల్లల పక్కన కూర్చుని దగ్గుతున్నారు.”

సూదక్క మైకు వైపు తిరిగింది. తన చేత్తో తను రాసిన అక్షరం అది. ఉల్లిపాయలు తక్కెడలోనే వదిలేసి, సభ అయ్యేదాకా వేదిక మెట్ల దగ్గర కాచుకుంది. పాపం, తెలియక అన్నాడు, చెబితే దిద్దుకుంటాడు అనుకుంది.

“అయ్యా, బా అంటే బాధితులు కాదు, బాకీ. టీకా వేయాల్సిన పిల్లలు. జబ్బు ఒక్కరికీ లేదు. పైగా వాళ్ళలో బయటి పిల్లలు తొమ్మిది మందే. మిగతా ముప్ఫై నలుగురూ మనవాళ్ళే.”

మైకయ్య శ్రద్ధగా విన్నాడు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

“నాకూ అనుమానం వచ్చిందమ్మా, ఇలాంటిదేదో అయ్యుంటుందని. కానీ జనం నోట పడిపోయింది కదా. ఎన్నికలు అయిపోనీ, తీరిగ్గా దిద్దుదాం.”

తెలియనివాడికి తెలియజెప్పడం సూదక్కకి వచ్చు. అన్నీ తెలిసి నవ్వుతూ నిలబడ్డవాడికి ఏం చెప్పాలి?

మర్నాడు పొద్దున్నే బడి గేటు దగ్గర తల్లిదండ్రులు మూగారు. బయటి పిల్లల్ని పంపేస్తేగానీ తమ పిల్లల్ని లోపలికి పంపేది లేదన్నారు. అందరికన్నా ముందున్నది దర్జీ, సూదక్క సొంత తమ్ముడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

“ఒరేయ్, నీ కొడుకు సోమవారం సూదికి భయపడి బల్ల కింద దూరాడు. ఆ నలభై మూడు మందిలో వాడూ ఉన్నాడు. వాడికేమైనా జబ్బుందా, చెప్పు.”

దర్జీ ముఖం పాలిపోయింది. కొడుకుని దగ్గరికి లాక్కుని గొంతు తడిమి చూశాడు. ఇప్పటికి బుర్రకెక్కింది వెధవకి, అనుకుంది సూదక్క.

“అయితే మావాడికీ అంటించేశారన్నమాట,” అన్నాడు తమ్ముడు.

ఆ మాట గేటు పొడవునా పాకింది. “కాదురా నాయనా” అని ఆమె గొంతు చించుకున్నా గోడకి చెప్పినట్టే అయింది. ఎక్కడో ఒక రాయి గేటుకి తగిలి ఖంగుమంది. గొడవ సద్దుమణిగేదాకా ఆ తొమ్మిది మందీ బడికి రావద్దని హెడ్మాస్టరు తల వంచుకుని చెప్పేశాడు.

శుక్రవారం మందు వచ్చింది. మేనల్లుడితో సహా ముప్ఫై నలుగురినీ వాళ్ళ తల్లులే రెక్క పట్టుకుని లాక్కొచ్చి టీకా వేయించారు. మిగిలిన మందు ఐసు పెట్టెలో పెట్టుకుని సూదక్క గోదాము వెనక్కి నడిచింది. రేకుల తలుపులన్నీ మూసి ఉన్నాయి. పిచ్చుక తల్లి ఒక్కతే తలుపు జానెడు తెరిచింది. గోదాములో గోనెసంచులు కుడుతుంది ఆవిడ. వేళ్ళకి దారం పోగులు ఇంకా అంటుకునే ఉన్నాయి.

“పిల్లని పిలువమ్మా. చిటికెలో అయిపోతుంది.”

“నీ మీద కోపం లేదక్కా. నీ పుస్తకం తీసుకుని వెళ్ళిపో. మా పిల్లల పేర్లు మళ్ళీ అందులో ఎక్కించకు.”

ఇరవయ్యారేళ్ళలో ఎన్నడూ అనని మాట సూదక్క నోట వచ్చింది. “సరే, రాయను. రాయకుండానే వేస్తాను.”

ఆ తల్లి వేలికున్న దారం పోగు తెంపేసింది.

“రాయకపోతే, ఏదో దాచారంటారు,” అంది.

తలుపు మూసుకుంది. గడియ పడింది. సూదక్క మిగతా ఎనిమిది తలుపులూ తట్టింది. పేరు పేరునా పిలిచింది. లోపల మనుషులున్నారని తెలుస్తూనే ఉంది, ఒక్కరూ పలకలేదు. తొమ్మిది మంది పిల్లలకి సరిపడా మందు చేతిలో పెట్టుకుని, ఇంకెవరిని బతిమాలాలో తెలియక ఆ సందులో అలా నిలబడిపోయింది.